చేతికివ్వని సరుకు

నందివెలుగు రోడ్డు దిగి లాలాపేట సందుల్లో
నా ట్రాలీ ఆటో తిరిగేసరికి ఎనిమిదింపావు.
మైకు పెడదామన్నాడు అల్లుడు, వద్దన్నాను.
ఉప్పుకి గొంతు చాలు.

ఆవకాయ రోజులు.
గుమ్మం గుమ్మానా కత్తిపీట టక్కుమంటోంది,
డాబాల మీద పాత చీరల్లో ముక్కలు ఆరుతున్నాయి.
శేషారత్నం గారు ఒక రాయి నాలిక మీద పెట్టుకుని
కళ్ళు మూసుకున్నారు.
"చేదు లేదు కదా?"
లేదమ్మా. చేదునీళ్ళు మడిలోనే వంపేశాం.

ఆ ఒక్క మాట అనడానికి
మాకు నాలుగు నెలలు పట్టింది.

మాఘంలో మడి తొక్కాం.
నేనూ, నాంచారీ, దాని తమ్ముడు పోలేరయ్యా
భుజాలు పట్టుకుని వరసగా,
బంకమట్టిని మడమలతో అణిచి అణిచి,
పైన సన్నిసక చల్లి, మళ్ళీ తొక్కి.
అడుగు ముద్ర మిగిలితే అక్కడ ఉప్పు నల్లబడుతుంది.
కాళ్ళ పగుళ్ళకి ఆముదం రాత్రిళ్ళే రాయాలి,
తెల్లవారి బూడిదతో తోముకుని గానీ
మడిలో దిగనివ్వదు నాంచారి.

పోటు మీద పాయ నీళ్ళు మొదటి చెరువుకి.
అక్కణ్ణించి రెండో దానికి, మూడో దానికి.
చెరువు చెరువుకీ ఎండ తన వాటా తాగుతుంది.
డిగ్రీలు చూసే గాజు గొట్టం సొసైటీ వాళ్ళిచ్చారు,
చూరులో దోపి ఉంది.
నాంచారి కోడిగుడ్డు వేసి చూస్తుంది.
గుడ్డు బోడితల పైకెత్తితే
"ఇక వదులు" అంటుంది, అంతే.

పడమటి గాలి తిరిగిన మధ్యాహ్నం
నీటి మీద మీగడ కడుతుంది.
అప్పుడు ఎవరూ తుమ్మకూడదు, మా అయ్య అనేవాడు.
అది దానంతటది మునగాలి,
అడుగున రాయి కావాలి.
తెల్లవారుజామున చెక్కపారతో గట్టుకి లాగుతాం,
ఎండెక్కితే ఆ తెలుపు కళ్ళు పొడుస్తుంది.

దళారి బస్తాకి చెప్పిన ధర
శేషారత్నం గారింటి కాఫీపొడి పొట్లం పాటి చేయదు.
అందుకే ఈ ఆటో, ఈ కుంచం, ఈ అరుపు.

"ప్యాకెట్టుప్పు ఇంటికొస్తోంది,
నీది మరీ ఇంతా?
సముద్రం ఊరికేగా ఇచ్చేది!"

నేను కుంచం గోరుతో తలకొట్టాను.

అప్పుడే గాలి మారింది.
మెడ మీద తడి తగిలింది ముందు.
తూర్పున నల్లగా ఒక మూల.
సందంతా ఒక్కసారి డాబాలెక్కింది
ముక్కలు ఎత్తుకోడానికి.
మిర్చి యార్డు వైపు లారీల మీద
పట్టాలు కప్పుకుంటున్న కేకలు ఇక్కడికి వినపడుతున్నాయి.

జేబులో ఫోను.
"పెద్ద చినుకులే పడుతున్నాయి" అంది నాంచారి.
గట్టు మీద నలభై కుప్పలు.
తాటాకులు పదహారింటికే వచ్చాయి మొన్న.
"ఏవి కప్పావు?"
"దగ్గరున్నవి." కాసేపు గాలి మోత.
"నువ్వు రాకు. డెబ్బై కిలోమీటర్లు.
వచ్చేలోపు ఏది మిగలాలో అది మిగులుతుంది.
ఆటోలోది అమ్ముకుని రా."

ఉప్పు అమ్మబోతే వాన అన్నవాడు
ఖాయంగా మా గట్ల మీద కూర్చున్నవాడే.

రెండు చేతులా గిన్నె పట్టుకుని దిగారు శేషారత్నం గారు.
నేను కుంచం చాచాను.
"చేతికివ్వకు, కింద పొయ్యి.
ఉప్పు చేతికిచ్చుకుంటే తగువులొస్తాయి."

గిన్నె గడప మీద పెట్టారు. వంగి పోశాను.

నిజమే.
సముద్రం కూడా ఏనాడూ మా చేతికివ్వలేదు.
నేల మీద పెట్టి పక్కకి జరిగింది,
మేమే వంగాం.
ఇప్పుడు అక్కడ నాంచారి చూస్తూ ఉండగా
ఇరవై నాలుగు కుప్పలు
నేల మీదుగానే వెనక్కి పోతుంటాయి,
పాయలోకి, ఎవరి చేతినీ తాకకుండా.
తగువు ఎవరితో పడాలి?

"కొసరేదీ?" అన్నారావిడ.

మొదటి చినుకు పడ్డ గుప్పిటతోనే
ఇంకాస్త వేశాను.